పాత బోటులో నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో కనిపెట్టడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది

మేముండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. ఇంటి దగ్గర్నుంచి లేక్ లూయిస్‌విల్‌కి కార్లో ఇరవై నిమిషాలు. ట్రినిటీ నది పాయకి అడ్డంగా 1955లో పూర్తయిన డ్యామ్ వెనక నిలిచిన మంచినీళ్ల సరస్సు అది, గాలి బాగా ఆడుతుంది, అందుకే తెరచాప బోట్లవాళ్లు చాలామందే కనిపిస్తారు. రెండేళ్ల కిందట అక్టోబర్లో నేనూ ఒక పాత బోటు కొన్నా. కేటలీనా 22 అంటారు, 1979లో తయారైంది, పొడవు ఇరవై ఒకటిన్నర అడుగులు, లోపల నలుగురు ముడుచుకుని పడుకునేంత చిన్న కేబిన్. ఫ్రాంక్ బట్లర్ అనే ఆయన డిజైన్ చేసిన ఈ మోడల్ పదిహేను వేలకి పైగా తయారయ్యాయి కాబట్టి విడిభాగాలు ఇప్పటికీ సులువుగా దొరుకుతాయి, నేను కొనడానికి అదే పెద్ద కారణం.

కొన్న నెలకే కుషన్లు తడిసాయి. మొదట ఎడం పక్క కుషన్ ఒక్కటే, తర్వాత రెండు పక్కలా. కేబిన్ తలుపు పలక తీయగానే తడి గోనెసంచి వాసన. నేల కింద బిల్జ్ అని ఒక గుంట ఉంటుంది, లోపలికి వచ్చిన నీరంతా చివరికి అక్కడికే చేరుతుంది, దాంట్లో ఎప్పుడు చూసినా రెండు మూడు మగ్గుల నీళ్లు. స్పాంజితో తోడి ఇంటికి వెళ్లిపోతే మళ్లీ వారం వచ్చేసరికి అవే నీళ్లు. ఇది వాన నీరా, సరస్సు నీరా అన్నది ముందు తేలాలి కదా. సముద్రంలో బోటు పెట్టుకున్నవాళ్లకి ఇది చిటికెలో పని, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉందో లేదో తెలిసిపోతుంది. మా సరస్సుదీ మంచినీరే, వాన నీరూ మంచినీరే, రుచి చూసి లాభం లేదు.

అప్పుడు నేను చేసిన తప్పు చెప్తా, ఎందుకంటే పాత బోటు కొన్న ప్రతివాళ్లూ ముందు చేసేది ఇదే. కుషన్ పైన కిటికీ ఉంది, కుషన్ తడిసింది, కాబట్టి కిటికీ కారుతోంది అనుకుని హార్డ్‌వేర్ షాపులో సిలికాన్ ట్యూబు కొని నాలుగు కిటికీల చుట్టూ పూసేసా. వారం తర్వాత వాన పడింది, కుషన్ మళ్లీ తడిసింది. ఇంకో పొర పూసా. ఆ సిలికాన్ గీకడానికి తర్వాత నాకు రెండు శనివారాలు పట్టింది, అది ఒకసారి పట్టుకున్న చోట పల్చటి జిడ్డు పొర వదిలేస్తుంది, దాని మీద ఇంకే సీలెంటూ, చివరికి పెయింటు కూడా సరిగ్గా అంటదు. నాకంటే ముందు ఈ బోటు ఉన్నవాళ్లు కూడా డెక్ మీద, అంటే మనం నడిచే పైకప్పు మీద, చాలా చోట్ల ఇదే పని చేసి పెట్టారని తర్వాత తెలిసింది.

మాది తాళ్లరేవు వైపు. చిన్నప్పుడు అక్కడ చెక్క బోట్లు కట్టడం రోజూ చూసేవాణ్ని, పలకల సందుల్లో దూది పోగులు ఉలితో గట్టిగా దట్టించి, పైన గుగ్గిలం, నూనె కలిపి పూసేవాళ్లు. మా మావయ్యకి ఆ పని బాగా తెలుసు. ఫోన్లో ఈ సంగతంతా చెప్తే ఆయన విని, "ఏరా, నీళ్లలో నాలుగు రోజులు ఉంచావా, చెక్క ఉబ్బి దానికదే మూసుకోదూ" అన్నాడు. ఇది చెక్క కాదు మావయ్యా, ఫైబర్‌గ్లాసు, ఇది ఉబ్బదు అన్నా. కాసేపు ఆలోచించి, "అలాగైతే సందులు ఎక్కడుంటాయిరా దానికి, ఒంటి ముక్క అంటున్నావు కదా" అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు చాలా పనికొచ్చింది. నిజమే, ఫైబర్‌గ్లాసు బోటుకి పలకలూ లేవు సందులూ లేవు. మరి నీళ్లు రావాలంటే ఎవరో ఒకరు బెజ్జం వేసి ఉండాలి. అప్పుడు నోట్‌బుక్ తీసుకుని డెక్ మీద ఉన్న ప్రతి బెజ్జం లెక్కపెట్టా. రెయిలింగు పోస్టులకి, తాళ్లు కట్టే క్లీట్లకి, తాళ్లు లాగి బిగించే వించ్‌లకి, తెరచాప కట్టే స్తంభం మాస్టుని పక్కల్నుంచి పట్టి ఉంచే తీగలకి, చేతిపట్టు కర్రలకి, అన్నీ కలిపి వంద దాటాయి! ప్రతి బోల్టు కింద నలభై ఏళ్ల కిందటి సీలెంటు ఉంది, అది ఎండకి ఎండి పెంకులా అయిపోయింది. ఏ కంపెనీ బోటైనా ఇన్నేళ్లకి ఇంతే, సీలెంటుకి ఆయుష్షు ఉంటుంది.

మా పక్క స్లిప్‌లో, అంటే బోటు కట్టేసుకునే చోట, ఒక అమెరికన్ పెద్దాయన ఉన్నాడు, డెబ్భై దాటాయి, నలభై ఏళ్లనుంచి బోట్లు నడుపుతున్నాడు. నేను మూడో సిలికాన్ ట్యూబు పట్టుకుని వెళ్తుంటే ఆపి, ముందు అది కింద పెట్టు, నీళ్లు లోపల ఎక్కడ కనబడ్డాయో అక్కడ ఎప్పుడూ వెతకకు అన్నాడు. ఎందుకో కూడా విడమరిచి చెప్పాడు. ఈ బోటు కేబిన్ లోపల ఇంకో ఫైబర్‌గ్లాసు తొడుగు ఉంటుంది, లైనర్ అంటారు. డెక్‌లో ఒక చోట దిగిన నీరు ఆ లైనర్‌కీ డెక్‌కీ మధ్య ఖాళీలో పాక్కుంటూ పోయి, ఎక్కడ అంచు దొరికితే అక్కడ దిగుతుంది. మన పెంకుటింట్లో పైకప్పు ఒక చోట చిల్లు పడితే నీళ్లు వాసం పట్టుకుని పోయి ఇంకో మూల కారతాయి చూడండి, అచ్చం అదే.

ఆయన చెప్పినట్టు ముందు బోటంతా ఆరబెట్టా. కుషన్లన్నీ ఇంటికి తెచ్చేసా, లాకర్ల మూతలు తీసి ఫ్యాను పెట్టి నాలుగు రోజులు వదిలేసా. తర్వాత పేపర్ టవల్ ముక్కలు చింపి లోపల కనబడే ప్రతి నట్టు కిందా టేపుతో అంటించి, ప్రతి ముక్క మీదా నంబరు రాసా. తడిసి ఆరినా పేపర్ మీద మరక ఉండిపోతుంది, కాబట్టి వాన పడ్డప్పుడు మనం అక్కడ లేకపోయినా పర్లేదు. ఏప్రిల్లో ఇక్కడ ఉరుములతో పెద్ద వానలు పడతాయి, ఒక రాత్రి వాన తర్వాత వెళ్లి చూస్తే ముప్పై ఎనిమిది ముక్కల్లో ఐదింటికి మరకలు, ఐదూ ఎడం పక్కే. కిటికీల కింద పెట్టినవి పొడిగా ఉన్నాయి. అన్ని ట్యూబులు పూసిన కిటికీలకి అసలు రోగమే లేదన్నమాట.

ఐదు మరకలంటే ఐదు చిల్లులు కాదు, ఒకటే కావచ్చు. ఆ శనివారం మా ఆవిడ లోపల టార్చి పట్టుకుని పడుకుంది, నేను పైన గొట్టంతో నీళ్లు పట్టా. ఇక్కడ ఒక పద్ధతి ఉంది, కింద నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు కిందకి జారి అన్నింటినీ తడిపేస్తాయి, ఏది కారిందో తెలీదు. ఒక్కో చోట పది నిమిషాలు తక్కువ కాకుండా పట్టాలి, గొట్టం చివర వేలు పెట్టి జోరుగా కొట్టకూడదు, వాన పడ్డట్టే పడాలి. రెండు గంటలైంది, అనుమానం మూడు రెయిలింగు పోస్టుల మీదకి వచ్చింది కానీ ఆ మూడింట్లో ఏదో తేలట్లేదు, ఎందుకంటే అప్పటికి డెక్ అంతా తడి.

అప్పుడు మా ఆవిడకే తట్టింది. ఇంటికెళ్లి చపాతీ పిండి గట్టిగా కలిపి తెచ్చింది, దాంతో పాటు జిలేబీలో వేసే కేసరి రంగు. ఒక్కో పోస్టు అడుగున చుట్టూ పిండితో అంగుళం ఎత్తు గట్టు కట్టాం, పొలంలో మడికి కట్టినట్టు, దాంట్లో రంగు నీళ్లు పోసి వదిలేసాం. ఒకసారికి ఒక్కటే. మొదటి పోస్టు దగ్గర అరగంట చూసినా మట్టం తగ్గలేదు. రెండో దాంట్లో పోసిన పది నిమిషాలకే మట్టం తగ్గడం కంటికి కనబడింది, బోల్టు తల పక్కనుంచి సన్నటి బుడగలు పైకొస్తున్నాయి. కిందికెళ్లి చూస్తే ఏమీ లేదు. ఇరవై నిమిషాలు, ముప్పై నిమిషాలు, ఏమీ లేదు. దాదాపు నలభై నిమిషాలకి, ఆ పోస్టుకి నాలుగడుగులు వెనగ్గా, సరిగ్గా ఆ తడిసే కుషన్ పైన, లైనర్ అంచు మీద నారింజ రంగు చుక్క ఒకటి మెరిసింది. మేమిద్దరం ఆ చుక్కని చూస్తూ అలాగే ఉండిపోయాం, ఆరు నెలలుగా వెతుకుతున్నది అది.

పోస్టు నాలుగు బోల్టులు విప్పి పైకి లేపితే కింద ముందు వాళ్లు పూసిన సిలికాన్ రబ్బరు చెప్పులా ఊడొచ్చింది. ఈ డెక్ అనేది ఒక ముక్క కాదు, పైన ఒక ఫైబర్‌గ్లాసు పొర, కింద ఒక పొర, మధ్యలో చిన్న చిన్న ప్లైవుడ్ చదరాలు. బోల్టు బెజ్జంలోంచి నీళ్లు దిగితే ఆ ప్లైవుడ్ నాని కుళ్లుతుంది, కుషన్ తడవడం కంటే అసలు నష్టం అది. ప్లాస్టిక్ సుత్తితో చుట్టూ తట్టి చూసా, బాగున్న చోట టక్ టక్ అని గట్టి చప్పుడు, ఈ పోస్టు చుట్టూ మాత్రం తడిసిన డప్పులా మొద్దుగా వినబడింది. అదృష్టం ఏంటంటే అది అరచేతి వెడల్పు మేరకే ఉంది, ప్లైవుడ్ చదరాలుగా ఉండబట్టి కుళ్లు ఒక చదరం దాటలేదనుకుంటా.

బాగుచేసిన పద్ధతి కొంచెం వివరంగా రాస్తా, చాలామంది ఇక్కడే తొందరపడతారు కాబట్టి. ఒక మేకుని ఎల్ ఆకారంలో వంచి డ్రిల్లు మెషీన్‌కి బిగించి, బెజ్జంలోకి దింపి తిప్పితే పై పొరా కింది పొరా చెడకుండా మధ్యలో కుళ్లిన చెక్క మాత్రం పిప్పిలాగా బయటికి వస్తుంది. నల్లటి తడి పిప్పి, కాఫీ పొడి వేసిన ఫిల్టర్‌లో అడుగున ఉండేలాంటిది, వాక్యూమ్‌తో లాగేసా. గట్టి చెక్క, లేత రంగుది, రావడం మొదలయ్యేదాకా తీసా. తర్వాత రెండు వారాలు పగలు ఎండకి తెరిచి, రాత్రి కవరు కప్పి ఆరబెట్టా. తడి ఉండగా ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు, పోస్తే పడ్డ కష్టమంతా వృథా. ఆరాక కింద బెజ్జాలకి టేపు వేసి, ముందు పల్చటి ఎపాక్సీ సిరంజితో పోసా, అది చెక్కలోకి ఇంకుతుంది. అది బంకగా ఉండగానే సిలికా పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీ, వేరుశనగ వెన్నలా ఉండేది, నిండా నింపా. మర్నాడు రాయిలా అయ్యాక దాని మధ్యలోంచి మళ్లీ పావు అంగుళం బెజ్జం వేసా. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నది ఎపాక్సీ, చెక్క కాదు. ఇక మీదట సీలెంటు పోయినా నీళ్లు చెక్కకి తగలవు.

సీలెంటు కోసం బ్యూటైల్ టేపు వాడా. ముదురు బూడిద రంగులో చూయింగ్ గమ్ లాగా సాగుతుంది, ఎప్పటికీ గట్టిపడదు, అదే దాని గుణం. దీనికంటే గట్టిగా అంటుకునే 5200 అనే సీలెంటు లాంటివి ఉన్నాయి కానీ వాటితో అతికిస్తే రేపు పోస్టు విప్పాలంటే డెక్ పై పొర కూడా లేచొస్తుంది, మళ్లీ విప్పాల్సిన చోట వాటిని వాడకూడదని పెద్దాయన గట్టిగా చెప్పాడు. బెజ్జం పై అంచుని కాస్త గిన్నెలా చెక్కి, బోల్టు మెడకి బ్యూటైల్ వత్తిలా చుట్టి దింపితే అది ఆ గిన్నెలో కూర్చుని నొక్కుకుంటుంది. బిగించేటప్పుడు పైన బోల్టు తల కదలకుండా ఒకరు పట్టుకోవాలి, లోపలినుంచి ఇంకొకరు నట్టు ఒక్కటే తిప్పాలి. బోల్టు తిప్పితే దాని చుట్టూ చేసిన సీలు తెగిపోతుంది. ఒక్కసారే బిగించెయ్యకూడదు కూడా, కొంచెం బిగించి వదిలేస్తే మా టెక్సాస్ ఎండకి బ్యూటైల్ మెత్తబడి అంచుల్లోంచి ఉబికి వస్తుంది, మర్నాడు ఇంకో అర తిప్పు, ఆ మర్నాడు ఇంకో అర తిప్పు. అంచుల్లో ఉబికింది ప్లాస్టిక్ కత్తితో కోసేస్తే చాలు. ఆ నెలలోనే ఎడం పక్క అన్ని పోస్టులూ, రెండు క్లీట్లూ ఇలాగే చేసా.

తర్వాత రెండు పెద్ద వానలు పడ్డాయి. పేపర్లన్నీ పొడి, కుషన్లు పొడి. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. మే చివర్లో ఒక ఆదివారం బోటు నడిపి వచ్చి బిల్జ్ మూత తీస్తే మళ్లీ రెండు మగ్గుల నీళ్లు.

వారం అంతా వాన లేదు. రెయిలింగు పనంతా తప్పేమో అనిపించి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అనుమానం తీరాలని బోటు మొత్తం టార్పాలిన్ కప్పి రెండు వారాలు కదపకుండా ఉంచా, బిల్జ్‌లో టాల్కమ్ పౌడరు చల్లా, నీరు ఎటునుంచి వస్తే అటు చార పడుతుందని. పౌడరు చల్లింది చల్లినట్టే ఉంది. అంటే కట్టేసి ఉంచితే రావట్లేదు, నడిపితే వస్తున్నాయి. కానీ నేనొక్కణ్నే నడిపిన రోజున రాలేదు! ఫోన్లో ఫొటోలు తేదీలవారీగా చూసుకుంటూ కూర్చుంటే అప్పుడు తెలిసింది, నీళ్లు వచ్చిన ప్రతి రోజూ మాతో చుట్టాలో స్నేహితులో ఉన్నారు.

ఆ శనివారం మా బావనీ చెల్లినీ పిల్లల్నీ పిలిచా. వాళ్లని వెనక కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి, బోటు స్లిప్‌లోంచి తీయకుండానే నేను లోపల నేల మీద బోర్లా పడుకుని, మెట్టు పలక తీసి టార్చి వేసుకుని చూస్తున్నా. "బావా, ఇంకొంచెం వెనక్కి జరుగు, పిల్లల్ని కూడా నీ పక్కకి తీసుకో" అన్నా. ఆయన జరిగాడు. బోటు వెనక భాగం నాలుగు వేళ్లంత దిగింది. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత మెట్టు కింద ఒక పాత నల్ల రబ్బరు గొట్టం అడుగున, దాన్ని బిగించి ఉంచే క్లాంపు అంచు దగ్గర, చుక్క ఒకటి మెల్లగా ఊరింది, లావెక్కింది, పడింది. వెంటనే ఇంకోటి. మా బావని ముందుకి రమ్మన్నా, చుక్కలు ఆగిపోయాయి. వెనక్కి వెళ్లమన్నా, మళ్లీ మొదలయ్యాయి.

ఆ గొట్టం సంగతి ఇది. ఈ బోటు అడుగున రెండువందల యాభై కిలోల ఇనుప కీల్, బోటు ఒరిగిపోకుండా నీళ్లలోకి దిగి ఉండే రెక్క, ఉంటుంది, అవసరమైతే పైకి లేపుకోవచ్చు. లేపడానికి మెట్టు కింద ఒక వించ్ ఉంది, దాని స్టీలు కేబుల్ బోటు అడుగులోంచి బయటికి పోవాలి కదా, దానికోసం అడుగున ఫైబర్‌గ్లాసుతో చిన్న గోపురంలా పైకి లేపి ఉంటారు, బోటు వాళ్లు దాన్ని వాల్కేనో అంటారు, అగ్నిపర్వతం లాగా ఉంటుందని. ఆ గోపురానికీ వించ్‌కీ మధ్య ఈ రబ్బరు గొట్టం, రెండు చివరలా క్లాంపులు. ఆ గొట్టం అడుగు గోపురంలోంచి సరస్సు నీటికే తెరిచి ఉంటుంది. బోటులో ఒకరిద్దరు ఉంటే జాయింటు నీటి మట్టానికి పైన ఉంటుంది, వెనక బరువు పడితే మట్టానికి కిందకి దిగుతుంది. అదీ అసలు కథ. గొట్టాన్ని వేలితో నొక్కితే పగుళ్లు నోళ్లు తెరిచాయి. ఒళ్లు జలదరించింది, ఎందుకంటే అది కారడం వేరు, ఊడిపోవడం వేరు. ఊడితే ఆ బోటు ఎక్కువసేపు నిలబడదు, పిల్లలు దాని పైనే కూర్చుని ఉన్నారు. ఆ రోజు అక్కణ్నుంచి బోటు బయటికి తీయలేదు.

ఇది నీళ్లలో ఉండగా విప్పే పని కాదు. ఆ తర్వాతి వారం బోటుని ట్రైలర్ మీదకి ఎక్కించి బయటికి లాగాం, కీల్ కింద చెక్క దిమ్మలు పెట్టి బరువంతా వాటి మీదకి దింపాకే కేబుల్ వదులైంది. పాత గొట్టం కత్తితో కోస్తుంటే పొడి పొడిగా రాలింది. క్లాంపులు పైకి మెరుస్తున్నాయి కానీ స్క్రూ తుప్పు పట్టి తిరగలేదు. పెద్దాయన జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి చూపించాడు, పట్టీకి అంటుకోలేదు, స్క్రూకి టక్కున అంటుకుంది. పట్టీ స్టెయిన్‌లెస్, స్క్రూ మామూలు ఇనుము. కొత్తవి కొనేటప్పుడు షాపులో ఒక్కోటీ అయస్కాంతం పెట్టి చూసి తీసుకున్నా. గొట్టం తీగ చుట్టిన మెరైన్ రకం, ఒక్కో చివరా రెండేసి క్లాంపులు, స్క్రూలు ఎదురెదురుగా వచ్చేలా. కేబుల్ కూడా మార్చేసా, పాతదాన్ని బట్టతో తుడిస్తే రెండు చోట్ల తెగిన పోగులు బట్టకి పట్టుకున్నాయి. గోపురం గోడకి నెర్రెలు లేవని బాగా తడిమి చూసి, ఇసక కాగితం పట్టి, ఒక వరస ఎపాక్సీ పూసా. సామానుకి రెండు వందల డాలర్ల లోపే అయింది, ఎక్కువ ఖర్చు ట్రైలర్ మీదకి లాగడానికే.

నీళ్లలోకి దింపినప్పుడు ట్రైలర్ పట్టీలు విప్పకముందే నేను లోపల మెట్టు కింద టార్చి వేసుకుని కూర్చున్నా, ఇరవై నిమిషాలు. తర్వాత మా బావ వాళ్లు మళ్లీ వచ్చారు, ఈసారి ఆయన ఇద్దరు స్నేహితుల్ని కూడా తెచ్చాడు, అందరూ వెనక్కి జరిగి కూర్చున్నారు. గొట్టం చుట్టూ కట్టిన టిష్యూ పేపరు పొడిగానే ఉంది. ఆ రోజు సాయంత్రం దాకా సరస్సు మీదే ఉన్నాం, పిల్లలు కేబిన్‌లో ఆ కుషన్ల మీదే నిద్రపోయారు.

ఇంకా ఒకటి ఉంది. మాస్టు అడుగున దీపాల వైర్లు డెక్‌లోంచి దిగే చోట గాలి వాన ఒకే దిక్కునుంచి కొడితే పేపరు మీద రూపాయి బిళ్లంత మరక పడుతోంది. అది మాస్టు దించితే గానీ అందదు. చలికాలంలో దించుతా, బ్యూటైల్ ఒక చుట్ట అప్పుడే కొని లాకర్లో పెట్టా, అప్పటిదాకా దాని కింద ముప్పై ఒకటో నంబరు పేపరు మారుస్తూ ఉంటున్నా.